మినగల్లు ఆడపడుచు పొణకా కనకమ్మ గారు



మన ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నాది ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లలో నోట్లు రాసిన చెయ్యే గాని వ్యాసాలు రాసిన చెయ్యి కాదని తప్పుకోబోయాను. సేవ చేసిన పెద్దలలో ఒకరి జీవితం నాలుగు పేజీలు రాస్తే చాలునని వారు వదలలేదు. సరే, ఎవరి గురించి రాయాలన్న సంగతి బుచ్చిరెడ్డిపాలెంలో మేము ప్రతి శనివారం సాయంత్రం జరుపుకొనే సమావేశంలోనే పెట్టాను. పదిహేను మంది వచ్చారు ఆ రోజు. ఒకరు గాంధీజీ అన్నారు. ఒకరు వివేకానందుల వారన్నారు. మన జిల్లావారే కావాలంటే పొట్టి శ్రీరాములు గారు, పుచ్చలపల్లి సుందరయ్య గారు ఉన్నారు గదా అన్నారు మరొకరు. మన ఊరివారే కావాలంటే 1955లో ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి గారు ఉండనే ఉన్నారన్నారు ఇంకొకరు.

నేను పొణకా కనకమ్మ గారి పేరు చెప్పాను. నెల్లూరు కస్తూరిదేవి విద్యాలయం అందరికీ తెలుసు. దానిని స్థాపించినవారు ఆమె అని సగం మందికే తెలుసు. ఆమె పుట్టింది మన మండలంలోని మినగల్లులోనని ఇద్దరికి మాత్రమే తెలుసు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. అది కూడా నేను ఉద్యోగం నుంచి దిగిన తరువాత, ఆలస్యంగా తెలుసుకున్నదే. అందుకే ఈ వ్యాసం.

కనకమ్మ గారు 1892వ సంవత్సరం జూన్ 10వ తేదీన మినగల్లులో జన్మించారు. తండ్రి మరుపూరు కొండారెడ్డి గారు, తల్లి కామమ్మ గారు. కలిగిన కుటుంబం. పెన్నానది నీళ్లు పారే వరిపొలాలు, గాదెల నిండా ధాన్యం, ఇంటినిండా పనివాళ్లు, వచ్చేపోయే బంధువులు. దేనికీ లోటు లేదు, ఆడపిల్లకు చదువు తప్ప. ఆ రోజుల్లో పెద్ద కుటుంబాల ఆడవాళ్లు గడప దాటడమే అరుదు. 1911 జనాభా లెక్కల ప్రకారం మన దేశం మొత్తం మీద అక్షరాలు వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరే. ఆ లెక్క చూస్తే కనకమ్మ గారి బాల్యం ఎటువంటి కాలంలో గడిచిందో మనకు తెలుస్తుంది.

పదేళ్లయినా నిండకముందే ఆమెకు పెళ్లి చేశారు. పొట్లపూడికి చెందిన పొణకా సుబ్బరామిరెడ్డి గారు భర్త. బొమ్మలాడుకోవలసిన వయసులో కోడలిగా అత్తవారింటికి వెళ్లారు. బడికి పోయే భాగ్యం అక్కడా లేదు. అయినా ఆమె ఊరుకోలేదు. ఇంటి పనుల నడుమనే తెలుగు బాగా నేర్చుకున్నారు. సంస్కృతం అభ్యసించారు. తరువాతి కాలంలో హిందీ నేర్చారు. పద్యం రాసే శక్తి సంపాదించారు. పత్రికలకు రాశారు. పరీక్ష రాసింది లేదు, సర్టిఫికెట్టు పుచ్చుకున్నది లేదు. మన సర్వీసు రిజిస్టరు భాషలో చెప్పాలంటే ఆమె విద్యార్హతల గడి ఖాళీయే. ఆ గడి ఖాళీగా ఉన్న మనిషే తరువాత జిల్లాలో ఆడపిల్లలందరి కోసం బడి పెట్టారన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

ఇక్కడ చిన్న ముచ్చట ఒకటి చెప్పాలి. రోటరీ క్లబ్బు, లయన్స్ క్లబ్బు అంటే మనకందరికీ తెలుసు. క్రమం తప్పకుండా కూడడం, ఊరికి పనికొచ్చే పని ఒకటి తలపెట్టడం వాటి పద్ధతి. రోటరీకి మొదలు 1905వ సంవత్సరం ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పడింది. పాల్ హారిస్ అనే లాయరు మరి ముగ్గురు స్నేహితులతో ఒక ఆఫీసు గదిలో కూర్చున్నాడు. తరువాత ఒకరి ఆఫీసులో ఒకసారి, మరొకరి ఆఫీసులో ఇంకొకసారి వంతులవారీగా కలిసేవారు గనుక దానికి ఆ పేరు వచ్చింది. పెద్ద నగరంలో ఒంటరితనం భరించలేక పుట్టిన స్నేహబృందం అది. సేవ అన్నది ఆ వెనుక వచ్చి చేరింది.

అది జరిగిన ఎనిమిదేళ్లకు, అంటే 1913లో, పొట్లపూడి వంటి పల్లెటూళ్లో కనకమ్మ గారు తనవారినీ స్నేహితులనూ కూడగట్టి సుజనరంజనీ సమాజం అని ఒకటి పెట్టారు. వివేకానంద గ్రంథాలయం నెలకొల్పారు. చికాగో సంగతి ఈమె విన్నదీ లేదు, ఈమె సంగతి వాళ్లు విన్నదీ లేదు. నలుగురు మంచివాళ్లు ఒకచోట కూర్చుంటే ఊరికి మేలు జరుగుతుందన్న ఆలోచన ఎవరో ఒకరి సొత్తు కాదు గదా!

అప్పటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. ఆంధ్రదేశమంతటికీ గ్రంథాలయ సంఘం విజయవాడలో ఏర్పడింది 1914 ఏప్రిల్‌లో. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించాలని తిరుగుతున్న రోజులవి. ఆ రోజుల్లో పల్లెలో గ్రంథాలయమంటే ఇప్పటివలె పరీక్షల పుస్తకాలు చదువుకొనే చోటు కాదు. పత్రిక వస్తే చదవను వచ్చినవాడు ఒకడు పైకి చదువుతాడు, పదిమంది చుట్టూ కూర్చుని వింటారు. దేశంలో ఏం జరుగుతున్నదో ఊరికి తెలిసే దారి అదొక్కటే. చదవడం రానివారికి కూడా గ్రంథాలయం పనికివచ్చిన కాలమది.

అయితే కనకమ్మ గారు చదువు వచ్చినవారి కూటమితో తృప్తిపడలేదు. గ్రంథాలయం గడప లోపలికి రాలేనివాళ్లు ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. పగలంతా పొలంలో పనిచేసేవారు, ఊరి బయట ఉంచబడ్డవారు. హరిజనులకు చదువు చెప్పించే పని కూడా సమాజం తలకెత్తుకున్నది. పెద్ద ఇంటి కోడలు అటువంటి పనికి పూనుకుంటే 1913లో చుట్టుపక్కల వాళ్లు ఎలా చూసి ఉంటారో మన వయసు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. మన చిన్నతనంలో కూడా ఆ పట్టింపులు మనం కళ్లారా చూసినవే.

నాకు ఆమె జీవితంలో అన్నిటికంటె గొప్పగా తోచేది ఈ మలుపే. సమావేశం పెట్టుకోవడం తేలిక. సమావేశానికి రాలేనివారు ఎవరా అని తలెత్తి చూడడం కష్టం. ఆమె చూశారు.

తొలిరోజుల్లో ఆమె మనసు వందేమాతరం ఉద్యమం వైపు, తీవ్రమైన దారి వైపు మొగ్గింది. గాంధీజీ రంగంలోకి వచ్చిన తరువాత అహింసా మార్గం పట్టారు. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీజీ మన జిల్లాకు వచ్చి, పెన్న ఒడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు గారు, చతుర్వేదుల కృష్ణయ్య గారు ఆ ఆశ్రమానికి మూలస్తంభాలు. ఆ ఆశ్రమానికి భూమి సమకూర్చి ఇచ్చినవారు కనకమ్మ గారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ స్నేహితుడైన పారశీ రుస్తుంజీ గారి విరాళంతో అక్కడ భవనం లేచింది. నూలు వడకడం, ఖద్దరు నేయడం, అంటరానితనం పోగొట్టడం, ఇవీ అక్కడి నిత్యకృత్యాలు. ఇందుకూరుపేట వైపు వెళ్లే మన సభ్యులు ఎప్పుడైనా ఒక గంట మిగుల్చుకుని ఆ స్థలం చూసి రావలసిందిగా మనవి.

1923లో ఆమె నెల్లూరులో బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు. గాంధీజీ ధర్మపత్ని కస్తూరిబా గారి పేరే దానికి పెట్టారు. చదువుతోపాటు చేతిపని, రాట్నం, హిందీ, దేశభక్తి నేర్పాలన్నది ఆశయం. 1929లో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా తిరిగినప్పుడు నెల్లూరు వచ్చి ఆ విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. పాఠశాల పెట్టడం ఒక రోజు పని. దానిని నడపడం జన్మంతా చేసే పని. చందాలు అడగాలి, పంతులమ్మలను వెతకాలి, ఆడపిల్లలను బడికి పంపమని తల్లిదండ్రులను బతిమాలాలి. ఆమె కాలంలో ఆ మూడూ కష్టమే.

ఆ నడుమనే జైలు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లోనూ, మళ్లీ 1932లోనూ ఆమె శిక్ష అనుభవించారు. వేలూరు జైలులో ఉన్నారు. కలిగిన ఇంట పుట్టి, కలిగిన ఇంట మెట్టినవారు. జైలు కూడు తిన్నారు. ఉద్యమాల ఖర్చు, విద్యాలయం ఖర్చు, వచ్చేపోయేవారి ఖర్చు, అన్నీ చేరి ఆస్తి కరిగింది. ఆస్తి కూడబెట్టి సేవ చేసినవారిని చూశాం. సేవ చేసి ఆస్తి పోగొట్టుకున్నవారు తక్కువ.

ఆస్తి పోయినదానికంటె పెద్ద దెబ్బ మరొకటి తగిలింది. ఆమెకు ఒక్కగానొక్క కూతురు. ఆ బిడ్డ చిన్నవయసులోనే పోయింది. ఊరిలోని ఆడపిల్లలందరికీ తల్లి అయిన మనిషికి సొంత బిడ్డ లేకుండా పోయింది. ఆ దుఃఖంలో ఆమె తిరువణ్ణామలై వెళ్లి రమణ మహర్షుల వారిని ఆశ్రయించారు. అక్కడ కొంత శాంతి దొరికింది. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ గారు ఆమెకు ప్రాణస్నేహితురాలు. ఇద్దరూ కలిసి కవిత్వం రాశారు. స్త్రీలు ఇద్దరు జంటగా కవిత్వం చెప్పడం మన సాహిత్యంలో అరుదైన సంగతి. గృహలక్ష్మి స్వర్ణకంకణం కూడా ఆమెను వరించింది.

కనకమ్మ గారు 1963వ సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన కన్నుమూశారు. ఆమె రాసుకున్న ఆత్మకథ మాత్రం వెంటనే వెలుగు చూడలేదు. కనకపుష్యరాగం అనే పేరుతో అది అచ్చయింది 2011లో. అంటే ఆమె పోయిన నలభై ఎనిమిదేళ్లకు. నేను ఆ పుస్తకం చదివినప్పుడే మినగల్లు సంగతి నాకు తెలిసింది. అంతకుముందు ఉద్యోగం రోజుల్లో ఎన్నోమార్లు ఆ ఊరి మీదుగా పోయిన మనిషిని నేను.

ఇక నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉన్నది.

నా సర్వీసులో ఎక్కువ కాలం పెన్షన్ల సీట్లో గడిచింది. ఏ ఆఫీసన్నది ఇక్కడ అవసరం లేదు. చనిపోయిన ఉద్యోగుల భార్యలు ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చేవారు. సంతకం వచ్చా అని అడిగేవాణ్ణి. రాదని తల అడ్డంగా ఆడించేవారు. ఇంకు ప్యాడు తెరిచి, ఎడమచేతి బొటనవేలు పట్టుకుని, కాగితం మీద అదిమేవాణ్ణి. మొహం కూడా చూసేవాణ్ణి కాదు, ముద్ర సరిగ్గా పడిందా లేదా అన్నదే చూసేవాణ్ణి. అలా ఎన్ని వందల వేళ్లు పట్టుకున్నానో లెక్క లేదు.

ఒకనాడు ఆ వరుసలో మా అక్కే వచ్చింది. మా బావ సర్వీసులో ఉండగానే పోయాడు. చిన్నప్పుడు నేను ఒకటో తరగతిలో ఉండగా నా పలక మోసుకుని నన్ను బడికి తీసుకుపోయింది ఆ అక్కే. నాలుగో తరగతి కాగానే ఆమెను మాన్పించారు. ఇంట్లో పనికి మనిషి కావాలని, ఆడపిల్ల చదివి ఏం చేయాలని. నన్ను మాత్రం కావలి పంపించి కాలేజీ చదువు చదివించారు. వాడుక లేక అక్క అక్షరాలు మరిచిపోయింది. ఆ రోజు నేను అందరి వేలూ పట్టుకున్నట్టే ఆమె వేలూ పట్టుకున్నాను. ఇంకు తుడుచుకోమని గుడ్డముక్క ఇచ్చాను. తన పేరు తాను రాసుకోగలిగితే బాగుండేది తమ్ముడూ అని ఒక మాట అన్నది. సాయంత్రం ఇంటికొచ్చి నేర్పుతానని చెప్పాను. ఆఫీసు పనిలో పడి వెళ్లలేదు. తరువాత వెళ్దామనుకున్నాను. అలా ఇరవై ఏళ్లు గడిచాయి. మా అక్క నాలుగేళ్ల క్రితం కాలం చేసింది. చివరి కాగితం వరకూ వేలిముద్రే.

కనకమ్మ గారి పుస్తకం మళ్లీ తీసి చదివింది ఆ తరువాతనే.

మా శనివారం సమావేశాల సంగతి మీకు తెలిసిందే. వేసవిలో బొంబాయి రోడ్డు మీద చలివేంద్రం పెడతాం. మజ్జిగ పోస్తాం. బి.పి., షుగరు పరీక్షల శిబిరం పెట్టిస్తాం. ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ల సమయంలో సభ్యులకు కాగితాల సాయం చేస్తాం. ఒక శనివారం అటెండరుగా చేసి పోయిన మన మిత్రుడి భార్య కవరు చేతబట్టుకుని వచ్చింది. లోపల మేము చలివేంద్రం కుండల లెక్క చూసుకుంటూ టీ తాగుతున్నాం. ఆమె చెప్పులు విడిచిన చోటే, వాకిట్లో, సుమారు ముప్పావుగంట నిలబడింది. ఎవరూ లోపలికి రమ్మనలేదు. ఎవరూ వద్దనలేదు. ఆమె వచ్చినట్టే మాకు తెలియలేదు. సేవాకార్యక్రమం మీద తీర్మానం రాసుకుంటున్న గదికి నాలుగడుగుల దూరంలో!

ఆ కవరులో ఉన్నది వేలిముద్ర వేయవలసిన కాగితం.

ఆ మరుసటి వారం నేను ఒక ప్రతిపాదన పెట్టాను. మన సమావేశం అయిదు గంటలకు గదా, నాలుగింటికే నలుగురం వచ్చి, సంతకం రాని మన పెన్షనరు కుటుంబాల ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుదామని. అభ్యంతరాలు వచ్చాయి. ఈ వయసులో వాళ్లకు చదువెందుకని ఒకరు. ఇప్పుడు అన్నీ మిషను మీద వేలు పెట్టే రోజులు, సంతకంతో పనేముందని మరొకరు. రెండో మాటలో నిజం ఉన్నది. వేలు పెడితే మిషను మనిషిని గుర్తుపడుతుంది. కానీ వేలు పెట్టిన మనిషికి ఆ కాగితంలో ఏమున్నదో మిషను నేర్పదు. బ్యాంకు పుస్తకంలో ఎంత పడిందో, ఎంత తీశారో చదువుకోవడానికి పక్కింటి కుర్రాణ్ణి పిలుచుకోవలసిందే. అన్ని ఇళ్లలో, పిలిచినవాళ్లందరూ నిజం చదివి చెప్పరు. పెన్షన్ల సీట్లో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలుసు.

నలుగురు స్త్రీలతో మొదలుపెట్టాం. పలకలు, బలపాలు కొన్నాం. మొదటి వారం సిగ్గుపడి ఎవరూ బలపం పట్టుకోలేదు. ఒకామెకు అక్షరం కనబడక మానుకోబోతే, ముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. పొర తీయించుకుని వచ్చి మళ్లీ కూర్చున్నది. ఒకామె మనవడి కోసం బెంగుళూరు వెళ్లిపోయింది. ఇంకొకామెకు గుణింతాల దగ్గర ఆగింది. ఇద్దరు మాత్రం ఈనాడు తమ పేరు తాము రాస్తున్నారు. వాకిట్లో నిలబడిన ఆమె ఆ ఇద్దరిలో ఒకరు. పాస్‌బుక్కులో అంకెలు కూడా ఆమెకు తెలుస్తున్నాయి. ఏడాదికి ఇద్దరు. పెద్ద ఘనకార్యమేమీ కాదు. వార్షిక నివేదికలో ఒక పంక్తి కూడా నిండదు.

కానీ ఆమె మొదటిసారి సంతకం చేసిన రోజున, అలవాటు చొప్పున ఇంకు ప్యాడు ముందుకు జరిపాను నేను. ఆమె దానిని పక్కకు నెట్టి పెన్ను అడిగింది. వంకరటింకరగా, గీత దాటిపోయి, చాలాసేపు రాసింది. నాకు మా అక్క గుర్తుకు వచ్చింది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

కనకమ్మ గారి వంటి త్యాగం మనవల్ల కాదు. ఇచ్చేయడానికి మనకు ఎకరాలు లేవు, జైలుకు పోయే వయసూ కాదు. కానీ ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, బడి మొహం చూడని ఒక ఆడపిల్ల, వాకిలి బయట ఉన్నది ఎవరా అని తలెత్తి చూసింది. డెబ్బై దాటిన మనం, పెన్షను నెలనెలా అందుకుంటున్న మనం, ఆ పాటి చూపు చూడలేమా?

ఈ సంచిక మీ చేతికి వచ్చేటప్పటికి మన సభ్యుల ఇళ్లలో వేలిముద్ర వేసే తల్లులు, అక్కచెల్లెళ్లు ఎందరున్నారో మా యూనిట్ వారు లెక్క తీస్తుంటారు. మీ మీ ఊళ్లలో మీరూ తీయండి. సాయంత్రం వెళ్దామని మాత్రం అనుకోకండి. ఈ రోజే వెళ్లండి.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు,
ఒక రిటైర్డ్ గుమాస్తా,
బుచ్చిరెడ్డిపాలెం.